తెర వెనక నుంచి బార్లో ఫెర్రీ

రబ్బరు తోటల్లో బొమ్మల లాంతరు పెట్టినప్పుడు పక్కన నిలబడి జనానికి వాళ్ళ భాషలో చెప్పే పని నాది. ఇరవై ఏళ్ళకు దగ్గరగా చేశాను. ఇప్పుడు ఆ పనికి చదువుకున్న ఆడపిల్లలు కొత్తగా వస్తున్నారని విన్నాను. లాంతరులో నూనె ఎంత పోయాలో, గాజు పలకల్ని ఎలా తుడవాలో వాళ్ళకు ఎవరైనా నేర్పుతారు. ఎవరూ నేర్పనివి నేను రాస్తున్నాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, అందుకని వాక్యాలు పొట్టిగా ఉంటాయి. ఇందులో అసూయ ఎక్కువగా కనిపిస్తుంది. అది తీసేసి రాద్దామని చూశాను. ఏమీ మిగల్లేదు.

పని ఏమిటంటే

నా పేరు పైడమ్మ. చీపురుపల్లి దగ్గర నుంచి మా అమ్మా అయ్యా నన్ను చంకనేసుకుని ఓడెక్కారు. మలయా దేశంలో కువాలా సెలంగోర్ అవతల అడవి నరికి రబ్బరు మొక్కలు నాటిన వాళ్ళలో మా అయ్య ఒకడు. నేనూ ఆ తోటలోనే రబ్బరు పాలు తీశాను. అక్కడే పెళ్ళాడాను, అక్కడే మొగుణ్ణి జ్వరానికి పోగొట్టుకున్నాను. తర్వాత క్లాంగ్ పట్నంలో క్లారా దొరసానమ్మ ఇంట్లో వంటకు కుదిరాను. ఆవిడ అమెరికా నుంచి వచ్చిన మిషను మనిషి. వంటింట్లో నాకు ఇంగ్లీషు చెవినపడింది. బజారులో మలాయీ, తమిళం వచ్చాయి.

దొరసానమ్మ బొమ్మల లాంతరు పట్టుకుని తోట తోటకూ తిరిగేది. ఒకసారి మా తోటకే వెళ్ళాం. మిషను తరఫున బోధించే ఉపదేశి తమిళంలో చెబుతున్నాడు. మన తెలుగు ఆడవాళ్ళకు సగం అర్థం కావడం లేదు. నేను పొయ్యి దగ్గర నుంచే మన మాటల్లో చెప్పడం మొదలుపెట్టాను. అందరూ ఉపదేశికి వీపు చూపించి నా వైపు తిరిగారు. మర్నాటి నుంచి వంటకు వేరే మనిషి వచ్చింది.

పద్ధతి ఇది. పొద్దు కుంకగానే రెండు వెదురు బొంగులు పాతి తెల్ల దుప్పటి కడతాం. దాన్ని నీళ్ళు చల్లి బాగా తడుపుతాం. లాంతరు వెలుగుకు గాజు పలక మీది బొమ్మ తడిసిన గుడ్డ మీద పడితే అవతలి పక్కకు కూడా కనిపిస్తుంది. లాంతరు ఉన్న వైపు మగవాళ్ళు కూర్చుంటారు. దుప్పటికి వెనక ఆడవాళ్ళు. కూలీల మీద పెత్తనం చేసే మేస్త్రీలు పెట్టిన కట్టుబాటు అది. దొరసానమ్మ కాదనలేదు, మేమూ అడగలేదు. ముందు పక్క ఉపదేశి, వెనక పక్క నేను.

మొదట దొరసానమ్మ పుట్టిన ఊరి బొమ్మలు, తర్వాత వేదం బొమ్మలు, అంటే బైబిలు కథలవి. వేదం చెబుతామంటే రానివాళ్ళు ఊరు చూపిస్తామంటే వస్తారు. ఇది దొరసానమ్మకు తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

గుర్రానికి సమాధి

ఆ ఊరు బార్లో ఫెర్రీ. అమెరికాలో చిన్న పట్నం. ఏరు వంపు తిరిగే చోట ఉంది. బార్లో అనే మనిషి అక్కడ రెండు పడవలతో జనాన్ని దాటించేవాడు. ఒడ్డున ఒక గుర్రం తాడుతో పడవను లాగేది. తర్వాత గోధుమ పిండి మర వచ్చింది. మర కోసం రైలు వచ్చింది, రైలు కోసం వంతెన వచ్చింది. వంతెన వచ్చాక పడవ ఆగిపోయింది, పేరు మిగిలింది. బార్లో కంటే ముందు అక్కడ వేరే జనం ఉండేవాళ్ళని దొరసానమ్మ ఒకసారి అంది. వాళ్ళ బొమ్మ మాత్రం ఏదీ లేదు.

జిల్లా కచేరీ ఎక్కడ ఉండాలని ఆ ఊరికీ పక్క ఊరికీ తగవొచ్చింది. ఒక ఆదివారం పక్క ఊరివాళ్ళంతా చర్చిలో ఉండగా బార్లో ఫెర్రీ వాళ్ళు వెళ్ళి కచేరీ కాగితాల పెట్టెను బండి మీద వేసుకొచ్చేశారు. కచేరీ అక్కడే ఉండిపోయింది. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు.

"దొరలూ దొంగలేటప్పా?" అని సోములు అడిగేది. సోములు మా తోటలో నాతో పాటు పాలు తీసిన మనిషి. నాకంటే రెండేళ్ళు చిన్న, అక్కను పిలిచినట్టు అప్పా అంటుంది, నోరు మాత్రం పెద్దది.

ఒక బొమ్మలో కొండ మీద సమాధులుంటాయి. వాటి మధ్య ఒక చిన్న రాయి. పడవ లాగిన గుర్రానిది. దాని పేరు డాలీ అని ఆ రాతి మీద చెక్కించారు.

"గుర్రానికా?" అంది సోములు మొదటిసారి చూసినప్పుడు. నా వైపు తిరిగి, "అప్పా, మీ అయ్యకి రాయుందేటి?" అంది.

"నేదు."

"మరి గుర్రానికి?"

"ఉంది గదా, సూడు."

మా అయ్యను కూలీల ఇళ్ళ లైన్ల వెనక కాలువ పక్కన పాతిపెట్టారు. తర్వాత అక్కడ కూడా రబ్బరు నాటారు. ఎన్నో వరసలో, ఎన్నో చెట్టు కిందో నాకు తెలియదు. ఆ ఊళ్ళో వంతెన కట్టిన మేస్త్రీ పేరు నాకు తెలుసు. మొదట పుట్టిన పిల్ల పేరు తెలుసు. మర మొదటిసారి తిరిగినప్పుడు ఎవరింటి పిండితో రొట్టె కాల్చారో తెలుసు. నేను ఎన్నడూ చూడబోని ఊరి మీద నాకు కుళ్ళు పుట్టింది. అయినా ఆ ఊరివాళ్ళ గురించి చెబుతున్నప్పుడు "మనోళ్ళు" అనేదాన్ని. ఇంత ముచ్చటగా చెప్పేది నేనేనని లోపల గర్వం ఉండేది. అసూయా గర్వమూ ఒకే పొయ్యి మీద ఉడుకుతాయి.

ఎస్తేరు

ఉపదేశికి ముసలితనం వచ్చి మానేశాడు. ముందు పక్క చోటు నాకే ఇస్తారనుకున్నాను. కొత్త చీర కూడా తీసి పెట్టుకున్నాను. ఎస్తేరు వచ్చింది.

ఎస్తేరు నెల్లూరు దగ్గర మిషను బడిలో చదువుకుంది. భర్త బడిపంతులు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. తెలుగు, ఇంగ్లీషు, తమిళం మూడూ చదవగలదు. దొరసానమ్మ ఆమెకు కుర్చీ వేయించింది. నాకు పదేళ్ళలో ఎవరూ కుర్చీ వేయలేదు. నేను ఒకరోజు అడిగి ఉంటే వేసేవాళ్ళేమో. అడగలేదు. అడక్కుండానే ఇవ్వాలి కదా అని కూర్చున్నాను, నేల మీద.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక మాట. దొరసానమ్మ మంచి మనిషి. నాకు జ్వరమొస్తే తనే కాచిన జావ తాగించింది. కానీ అన్నేళ్ళలో ఒక్కసారి కూడా దుప్పటి దాటి వెనక పక్కకు రాలేదు. ఆడవాళ్ళు ఏం చూస్తున్నారో ఆవిడకు తెలియదు. పెద్దవాళ్ళ మంచితనాన్ని, వాళ్ళకు తెలియనిదాన్ని విడివిడిగా లెక్క వేసుకోండి.

ఎస్తేరు పుస్తకం తిప్పే చప్పుడు నాకు దుప్పటి ఇవతలికి వినిపించేది. అది భరించలేక అక్షరాలు నేర్చుకున్నాను. విద్య మీద ప్రేమ అని రాస్తే అబద్ధం. క్లాంగ్‌లో బట్టల కొట్టు గుమాస్తా ఒకాయన, భీమిలి వైపు మనిషి, చేటలో బియ్యప్పిండి పరిచి దిద్దించాడు. రెండేళ్ళు పట్టింది. తెలుగు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం నాకు ఈనాటికీ గీతలే. బొమ్మల మీద రాసి ఉన్నవన్నీ ఇంగ్లీషే.

అక్షరాలు రాగానే బార్లో ఫెర్రీ పటం గీయడం మొదలుపెట్టాను. లాంతరు బొమ్మల్లో ఒకటి ఆ ఊరి పటం. పటంలో పైన ఉత్తరం ఉంటుందని దొరసానమ్మ ఎప్పుడో చెప్పింది. నేను చూసిన పటంలో ఏరు ఎడమ పక్క, కొండ కుడి పక్క. అంటే ఏరు పడమర. ఇంకో బొమ్మలో ఏటి నీళ్ళ మీద ఎర్రటి సూర్యుడు ఉండేవాడు. సూర్యుడు ఏట్లో కుంకుతున్నాడని ఆడవాళ్ళకు చెప్పేదాన్ని. అన్నీ సరిగ్గా అతికాయి. పలక మీద పటం గీసి ఏరు, మర, కచేరీ, వంతెన, కొండ అని తెలుగులో రాసేదాన్ని. ఆడవాళ్ళు పలకను చేతుల్లోకి తీసుకుని చూసేవాళ్ళు.

ఒకరోజు దుప్పటి విప్పుతుంటే ఎస్తేరు దగ్గరికొచ్చింది.

"పైడమ్మక్కా, సూర్యుడు ఏట్లో కుంకుతాడని మీరంటున్నారు. ఏటి మీద పొడుస్తాడని నేనంటున్నాను. రేపు ఒక్కసారి మా పక్కకు వచ్చి చూడరాదూ?"

"నానెందుకు రావాల? నువ్వే ఇటు రా."

"వచ్చి చూశానక్కా. అందుకే అడుగుతున్నాను."

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనుకోలేదు. మగవాళ్ళ ఎదుట నన్ను బడిపిల్లలా కూర్చోబెట్టాలని చూస్తోందనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళు ఆమె పిలుస్తూనే ఉంది. నేను వెళ్ళలేదు. దుప్పటికి అటు పక్క ఆరడుగులు.

దొరసానమ్మ అన్నగారు

దొరసానమ్మ పని విరమించి ఊరికి వెళ్ళిపోయే సమయం వచ్చింది. లాంతరు ఎవరి చేతికి ఇవ్వాలో మిషనువాళ్ళు ఆవిడనే చెప్పమన్నారు. ఎస్తేరుకో, నాకో. మిగిలిన మనిషికి పట్నంలో చిన్నపిల్లల బడి.

ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి అన్నగారు వచ్చాడు. బార్లో ఫెర్రీలోనే పుట్టి, అక్కడే భూములు కొలిచే ఉద్యోగం చేసి మానేసిన మనిషి. ఆయనకు ఒక ఆట చూపించాలని మా తోటకే వెళ్ళాం. "నలభై దాటాక అక్షరాలు నేర్చిన మా పైడమ్మ నీ ఊరి పటం గీస్తుంది చూడు" అని దొరసానమ్మ ముందే ఊరించింది. నా కోసం నల్లబల్ల కూడా తెప్పించారు. దుప్పటి వెనక పెట్టారు, నా చోటు అదే కాబట్టి.

దొరసానమ్మ ఎప్పటిలాగే అవతల లాంతరు దగ్గర ఉండిపోయింది. అన్నగారు ఎస్తేరును వెంటబెట్టుకుని వెనక పక్కకు వచ్చాడు. నేను పటం గీశాను. ఒక్క గీత వణకలేదు. ఏరు, మర, కచేరీ, వంతెన, కొండ. ఆడవాళ్ళు నా వెనక ఒక్కొక్క పేరూ పైకి అన్నారు.

ఆయన ముందు నవ్వాడు. తర్వాత తల వంచి బల్లను చూశాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా ఇంగ్లీషులో అన్నాడు. చాలా చక్కగా గీశావు, కానీ మా ఊళ్ళో ఏరు తూర్పున ఉంటుంది, పొద్దున్న సూర్యుడు ఏటి మీదే లేస్తాడు, వీళ్ళకు ఆ సంగతి చెప్పు.

ప్రతి మాటా అర్థమైంది.

"దొర ఏటంతన్నాడప్పా?" అని సోములు అడిగింది.

ఎస్తేరు నా పక్కనే ఉంది. ఈ మాట ఈ పిల్లే ఆయనకు నేర్పి ఉంటుందని నాకు తోచింది. వెనక్కి తిరిగి ఆడవాళ్ళతో అన్నాను: "అమెరికాల పుట్టి పెరిగిన తనకన్నా ఆ ఊరు నాకే బాగా ఎరికంట. నాను గీసిందే సరంట."

అందరూ చప్పట్లు కొట్టారు. తను చెప్పిన దానికే సంతోషించారనుకుని దొర టోపీ ఎత్తి వాళ్ళకు నమస్కారం చేశాడు. దాంతో ఇంకా నవ్వారు. ఎస్తేరు నా ముఖంలోకి చూసింది.

ఈ పనికి వచ్చే పిల్లలు ఇక్కడ కాస్త ఆగండి. తప్పు చెప్పడం వేరు. ఒక మనిషి మాటను ఆ మనిషి ఎదుటే, అతనికి తెలియని భాషలో, మార్చడం వేరు. మొదటిది ఎవరైనా దిద్దవచ్చు. రెండోది నువ్వు తప్ప ఎవరూ దిద్దలేరు.

గాజు పలక

మర్నాడు పొద్దున్న బయల్దేరే ముందు ఎస్తేరు గాజు పలకలు తుడుస్తోంది. అన్నేళ్ళలో నేను వాటిని ముట్టుకోలేదు. అది ముందు పక్క వాళ్ళ పని. ఆమె పటం ఉన్న పలకను నా చేతిలో పెట్టి తన పని చూసుకుంది.

వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. ఏరు ఎడమ పక్క. అంతా నాకు తెలిసినట్టే ఉంది. పలకను తిప్పి వెనక వైపు నుంచి చూశాను. ఏరు కుడి పక్కకు వెళ్ళిపోయింది. మళ్ళీ తిప్పాను. ఆరేడుసార్లు తిప్పి ఉంటాను. దుప్పటి వెనక నుంచి చూస్తే బొమ్మలో కుడి ఎడమవుతుందని, ఎన్ని తోటల్లో ఎందరు ఆడవాళ్ళకు ఆ ఊరిని తిరగేసి చూపించానో అప్పుడు తెలిసింది. నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చి ఉంటే అవి తిరగబడి ఉన్నాయని మొదటిరోజే కనిపెట్టేదాన్ని.

"దొరసానమ్మకి సెప్పినావా?" అన్నాను.

"దేని గురించి?"

"రేతిరి నానన్న మాట."

"అన్నది మీరు కదక్కా. చెప్పవలసిందీ మీరే."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నేను తట్టుకునేదాన్ని.

ఆడవాళ్ళు ఎంత సంతోషించారో అన్నగారు చెల్లెలికి చెప్పాడు. రేవులో ఓడెక్కే ముందు దొరసానమ్మ లాంతరు పెట్టె తాళం నా చేతిలో పెట్టింది. ఎస్తేరు చిన్నపిల్లల బడికి వెళ్ళింది.

నేను తీసుకున్నాను. ఆలోచించి తీసుకున్నాను.

సోములు కోడలు

లాంతరు నాదైంది. ముందు పక్క చోటూ నాదే. కానీ నేను వెనకే నిలబడ్డాను. ముందు పక్కకు కొత్త ఉపదేశి వచ్చి మగవాళ్ళకు ఏరు తూర్పు అని చెబుతుండేవాడు. నేను ఇవతల పడమర అంటుండేదాన్ని. సరిగ్గా చెబితే, మొన్న దొర నీదే సరన్నాడు కదా అంటారు. అంతకు ముందు తెలియక చెప్పాను. ఇప్పుడు తెలిసి చెబుతున్నాను. పని అదే, నోట్లో రుచి వేరు.

మూడు నెలలకు మళ్ళీ మా తోటకు వెళ్ళాం. సోములు కొడుక్కి కొత్తగా పెళ్ళయింది. కోడలు గౌరి సుంగై సుమున్ కొబ్బరి తోట పిల్ల; ఆ తోటకు ఎస్తేరు వెళ్ళేది గానీ నేనెప్పుడూ వెళ్ళలేదు. అత్త పక్కన తలవంచుకుని కూర్చుంది. పటం బొమ్మ పడగానే తలెత్తింది.

"అత్తా, ఏరు అటేపు గాదు, ఇటేపు. మా తోటల గుడ్డ గోడకి కట్టినారు. అందరం ఎదరే కూకున్నాం. నాను సూసినాను."

"నోరుముయ్యి. దొర ఇక్కడే నిలబడి సెప్పినాడు. ఆయనకన్నా నీకెక్కువ ఎరికేటి? మీ సుంగై సుమున్‌ల కొబ్బరికాయలు దిగుతాయి గానీ బుద్ధి దిగదు."

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. పెళ్ళయి పది రోజులు. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. అయినా "నాను సూసినాను" అని ఇంకోసారి అంది.

"అప్పా, నువ్వు సెప్పు దీనికి" అంది సోములు.

గౌరి నా వైపు చూసింది. సోములు మాటకు తల ఊపితే చాలు, లాంతరు నాదిగానే ఉంటుంది. ఆ పిల్ల ఇకమీద ఈ తోటలో ఏది చూశానన్నా ఎవరూ నమ్మరు.

"పిల్ల సెప్పిందే సరి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"దొర నాది తప్పన్నాడు. నాను మాట మార్సి మీకు సెప్పినాను."

"ఎందుకప్పా?"

"ఎస్తేరమ్మ మీద కుళ్ళు."

"ఓస్, కుళ్ళా? నానేదో రోగం అనుకున్నాను" అంది సోములు. కోడలి వైపు మాత్రం చూడలేదు. చెంగు తీసి ఆ పిల్ల ముఖం మోటుగా తుడిచింది.

"నెగండి, అందరూ అటుపక్కకి రండి" అన్నాను. మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు.

"ఆడోళ్ళు మగోళ్ళ మద్దెన కూకోడమేటి?"

"పొద్దున్న పాలు తీసినపుడు పక్కపక్క సెట్ల కాడే నిలబడతాం గదా. అప్పుడు నేని సిగ్గు ఇప్పుడెక్కడిది? తప్పుకో, మేస్త్రీ" అని సోములు కోడలి చెయ్యి పట్టుకుని దుప్పటి చుట్టూ నడిచింది. మిగతావాళ్ళు ఆమె వెంట నడిచారు. నేను చివర.

ముందు పక్క బొమ్మ ఎంత తెల్లగా, ఎంత తేటగా ఉంటుందో అప్పుడు చూశాను. వెనక మాకు కనిపించింది నీళ్ళల్లోంచి చూసినట్టుండేది. అన్నేళ్ళుగా అక్కడ కూర్చుని ఆవులించిన మగవాళ్ళందరి మీదా నాకు ఒళ్ళు మండింది.

చోటు

క్లాంగ్ వెళ్ళి ఎస్తేరు ఇంటి గుమ్మంలో కూర్చుని దొరసానమ్మకు ఉత్తరం రాశాను. నా చేత్తో రాసిన మొదటి ఉత్తరం అది. తెలుగులో రాశాను. ఇంగ్లీషులోకి మార్చడానికి ఎస్తేరు తప్ప ఎవరున్నారు? మార్చాక ఆ ఇంగ్లీషును మళ్ళీ తెలుగులో చెప్పమన్నాను. నమ్మకం లేక అడిగాను. ఒక్క మాట తగ్గలేదు, ఒక్క మాట పెరగలేదు. నేను నన్ను తిట్టుకున్న చోట కూడా మెత్తబరచలేదు. పని అంటే అది. నాకు చేతకానిది ఆమెకు చేతనైంది. అప్పుడూ కుళ్ళుకున్నాను.

జవాబు చాలా రోజులకు వచ్చింది. లాంతరు ఎస్తేరుకు ఇమ్మని దొరసానమ్మ రాసింది. నా మీద ఒక్క కఠినమైన మాట లేదు.

"మీరు మునుపటిలాగే వెనక పక్క చెప్పండక్కా" అంది ఎస్తేరు.

"ఎనక పక్క ఎక్కడుందమ్మా?"

నిజమే. మా తోటలో ఆడవాళ్ళు ముందుకు వచ్చారని విని చుట్టుపక్కల తోటల వాళ్ళూ వచ్చేశారు. దుప్పటి తడపడం మానేశారు. వెనక గడ్డి మొలిచింది. ఒక్క పక్కకు ఒక్క మనిషి చాలు. నా పనిని నేనే తీసేసుకున్నాను.

మా తోటలో ఎస్తేరు మొదటి ఆటకు నేనూ వెళ్ళాను. లాంతరు వెలిగింది. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. బాగా చెప్పింది. ఇంకా బాగా చెప్పే చోట్లు మూడు నాకు తోచాయి. చెప్పలేదు. వెదురు బొంగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. సోములు చాప మీద నుంచి మెడ తిప్పి చూసింది.

"మమ్మల్ని ముందుకి తెచ్చి నువ్వు మూలకెల్లి నిలబడ్డావేటప్పా?"

"ఏ పని నేదు గదా, అందుకు."

"పని నేపోతే కూకోరా?"

ఆ చాప మీద సోములు, గౌరి, ఇంకా నలుగురు ఇరుక్కుని ఉన్నారు. దుప్పటి మీద ఏరు కుడి పక్క పారుతోంది. నేను వెళ్ళి సోములు భుజం తట్టాను.

"జరుగే" అన్నాను. "నాకూ కనపడాల."